మాట్లాడినవారి పేర్లు

కమిషనర్ చక్రధర్ గారు కొండ మీది శిక్షణా కేంద్రానికి మూడు రోజులు వెళ్ళి తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయారు. వెళ్ళేటప్పుడు ఆయనకు తెలిసిన పట్టణ సమస్యలు మూడే: కుక్కలు, కాలవల్లో పూడిక, మంచినీళ్ళ గొట్టాలకు చిల్లులు. వచ్చేటప్పుడు నాలుగోది నేర్చుకుని వచ్చారు. దాని పేరు ఒత్తిడి.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ పురపాలక కార్యాలయంలో అంతకుముందు ఒత్తిడి లేదని కాదు. ఉండేది గాని, దానికి ఫైలు లేదు. కిందటి నెల సమీక్షా సమావేశంలో టౌన్ ప్లానింగ్ ఉద్యోగి ఒకాయన పన్నెండో ప్రశ్నకు జవాబు చెబుతూ చెబుతూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి భోరుమన్నాడు. అప్పుడది పడిశం అనుకున్నారు. ఇప్పుడు ఒత్తిడని తేలింది.

వచ్చిన రోజే కమిషనర్ గారు సిబ్బందినందరినీ హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు వేశారు.

"డియర్ కొలీగ్స్! ఒత్తిడి అనేది పనిలో ఉండదు. మన మైండ్‌సెట్‌లో ఉంటుంది. కాబట్టి పని తగ్గించడం వల్ల ప్రయోజనం లేదు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు లీడర్‌షిప్ చేసినవాళ్ళు ఉద్యోగంలో ఒత్తిడిని డెబ్బై మూడు శాతం ఎక్కువ తట్టుకుంటారని రీసెర్చ్ చెబుతోంది."

ఎవరికంటే ఎక్కువ అని ఎవరూ అడగలేదు. అలా లేచి అడగాలంటే చిన్నప్పుడు లీడరుగా చేసి ఉండాలి.

మర్నాడు పదిన్నరకల్లా ఉత్తర్వు నోటీసు బోర్డెక్కింది. "ప్రజాసంబంధిత కౌంటర్లు అధిక ఒత్తిడి గల స్థానములుగా గుర్తించబడినందున, సదరు స్థానములందు విద్యార్థి దశలో నాయకత్వ అనుభవము ధ్రువీకరించబడిన సిబ్బందిని మాత్రమే నియమించవలెను. అట్టి అనుభవము లేని సిబ్బందిని, వారి ఆరోగ్య సంరక్షణార్థము, ఒత్తిడి రహిత స్థానమైన రికార్డు గదికి బదలాయించవలెను. గడువు ఇరవై ఒక్క దినములు."

మంగతాయారు దాన్ని రెండుసార్లు చదివింది.

మూడో నంబరు కౌంటరు, అంటే జనన మరణ ధ్రువపత్రాల కౌంటరు, ఇరవై రెండేళ్ళుగా ఆవిడది. ఆవిడ పని చేసే పద్ధతి వేరు. కాగితం తర్వాత చూస్తుంది, ముందు మనిషిని చూస్తుంది. జననం కాగితమైతే "పిల్ల ఎవరి పోలికండీ?" అంటుంది. మరణం కాగితమైతే గొంతు తగ్గించి "ఎలా పోయేరండీ పాపం?" అంటుంది. ఆ కబుర్లలోనే అసలు సంగతులన్నీ బయటపడతాయి. ఆస్పత్రివాళ్ళు లక్ష్మి అని రాసిన మనిషి ఇంటి కాగితాల్లో నాగలక్ష్మి అనీ, ఆధార్‌లో ఉన్న పుట్టినరోజు బళ్ళో మేష్టారు తన వీలుకొద్దీ వేసిందనీ అక్కడే తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిమీదుగా వెళ్ళిన కాగితం ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. మాట్లాడ్డమే ఆవిడ పని, అదే ఆవిడకు విశ్రాంతి. రికార్డు గదిలో అరవై ఏళ్ళుగా పేరుకున్న రిజిస్టర్లు తప్ప నరమానవుడు లేడు.

"ఆ గదిలో వేసేరంటే నెల తిరక్కుండా నా పేరునే మరణం కాగితం రాసుకోవాలే నూకరత్నం" అని అటెండరుతో చెప్పుకుంది.

ఆవిడ భయం ఉత్తుత్తిది కాదు. బళ్ళో మంగతాయారు ఏ పదవీ చెయ్యలేదు. పైపెచ్చు ఎనిమిది బి సెక్షన్లో నల్లబల్ల కుడి మూల "మాట్లాడినవారి పేర్లు" అని రాసి ఉన్నచోట రోజూ మొదటి పేరు ఆవిడదే. పేరు పక్కన మూడు తప్పు గుర్తులు, పిల్లల భాషలో మూడు ఇంటూలు. ఏడాది పొడుగునా ఆ పేరు రాసిన క్లాసు లీడరు ఎవరో కాదు, ఇవాళ ఇదే ఆఫీసుకు మేనేజరైన వరప్రసాద్ గారు. సుద్దముక్క పట్టుకుని బోర్డు పక్కన నిలబడి, ఎవరి పెదవి కదులుతుందా అని చూసిన ఆ పిల్లాడు నలభై ఏళ్ళ తర్వాత కూడా అలాగే ఉన్నాడు. జుట్టు పోయింది, రోజుకు రెండు బీపీ మాత్రలు వచ్చాయి, అంతే తేడా.

మంగతాయారు మొహమాటం చంపుకుని ఆయన గదికి వెళ్ళింది.

"మేనేజరు గారూ, మీకు తెలియందేముందండీ. ఎనిమిదో క్లాసులో ఓ వారం మీకు జ్వరం వస్తే బోర్డు నేనే తుడిచేను. అది నాయకత్వం కింద రాయడానికి కుదుర్తుందాండీ?"

వరప్రసాద్ గారు ఫైల్లోంచి తల ఎత్తలేదు. "తుడవడం నాయకత్వం కాదండి. రాయడం నాయకత్వం" అన్నారు.

ఈలోగా తక్కిన సిబ్బంది ఊళ్ళో ఉన్న బళ్ళన్నిటి మీదా పడ్డారు. వారం తిరిగేసరికి కార్యాలయం నిండా నాయకులే. ఒకే సంవత్సరం, ఒకే పదో తరగతి ఎ సెక్షన్‌కు పదకొండుమంది లీడర్లు తేలారు. నీటి సరఫరా ఆయన ప్రార్థనలో "సావధాన్" చెప్పేవాడట. ఏడ్చిన టౌన్ ప్లానింగ్ ఆయన ఖోఖో జట్టుకు ఉపనాయకుడినని కాగితం తెచ్చాడు, అది ఇస్తూ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

మంగతాయారు చదివిన మునిసిపల్ హైస్కూలు హెడ్మాస్టరు మాత్రం నిక్కచ్చి మనిషి. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, వేలు పెట్టి వెతికాడు.

"మీ పేరు ఉందమ్మా. కానీ వేరేచోట ఉంది" అన్నాడు.

అప్పటి క్లాసు టీచరు ఏడాది చివర ఎర్రసిరాతో రాసిన మాట అది: "తెలివైనది. మాట్లాడును."

అయితే ప్రభుత్వం దయగలది. అనుభవం లేనివారి కోసం ఇంకో ఉత్తర్వు వచ్చింది. అటువంటివారు "నాయకత్వ అనుభవార్థులు"గా మునిసిపల్ పాఠశాలలో అయిదు రోజులు క్లాసు లీడరుగా పనిచేసి, హెడ్మాస్టరు నివేదిక తెచ్చుకోవచ్చు. మంగతాయారుకు ఏడు బి పడింది. ఆ క్లాసు అసలు లీడరు యశస్వినికి అయిదు రోజుల సెలవు మంజూరైంది. బడికి కాదు, పదవికి. ఆ పిల్ల సుద్దముక్క అప్పగిస్తూ ఆవిడను కిందనుంచి మీదికి చూసింది.

"మీకు రూల్స్ తెలుసా ఆంటీ? మాట్లాడితే పేరు. మళ్ళీ మాట్లాడితే ఇంటూ. మూడు ఇంటూలైతే సార్‌కి చెప్పాలి. ఫ్రెండ్స్ అయినా రాసెయ్యాలి."

"మరి ఎందుకు మాట్లాడేరో అడగక్కర్లేదా అమ్మా?"

యశస్విని తల అడ్డంగా ఊపింది. "అడిగితే మీరు మాట్లాడినట్టే కదాంటీ."

మంగతాయారు నిజంగానే ప్రయత్నించింది. నోరు బిగించి, పైట నడుముకు చుట్టి, బోర్డు పక్కన నిలబడింది. పది నిమిషాలకు మూడో బెంచీలో ఇద్దరు గుసగుసలాడారు. పేరు రాయడానికి పేరు తెలియాలి కదా అని దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్న భోజనం వండే గదిలో పిల్లి ఈనిందట, నాలుగు కూనలట, ఒకదానికి ఒక కన్ను నీలమట.

"ఒకటే నీలమా? రెండోది?" అంది మంగతాయారు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. సార్ వచ్చేసరికి నలభై రెండుమంది పిల్లలూ ఆవిడా ఒక్కసారే మాట్లాడుతున్నారు. యశస్విని తన సెలవు తనే రద్దు చేసుకుని బోర్డు దగ్గర నిలబడి ఉంది. బోర్డు మీద ఒకే పేరు ఉంది. "మంగతాయారు ఆంటీ", పక్కన మూడు ఇంటూలు.

అయిదో రోజున నివేదిక వచ్చింది. "అనుభవార్థి అయిదు దినములలో ముప్పైనాలుగు పర్యాయములు మాట్లాడినవారి జాబితాలో నమోదైనారు. విద్యార్థులు వీరిని మరల పంపవలసినదిగా కోరుచున్నారు. నాయకత్వము: లేదు."

మంగతాయారు రికార్డు గదికి వెళ్ళిపోయింది. నూకరత్నం కుర్చీ మోసుకొచ్చి, మంచినీళ్ళ సీసా పెట్టి, కాసేపు నిలబడి, కౌంటరు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. మొదటి రోజు మంగతాయారు రిజిస్టర్లు సర్దింది. రెండో రోజు సర్దినవే సర్దింది. మూడో రోజు కిటికీ మీద వాలిన పావురాన్ని ఏ వార్డు అని అడిగి, తన గొంతు తనకే కొత్తగా వినపడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఊరందరి ఏడుపులూ విన్న మనిషి, వినే దిక్కులేక గోడకేసి తిరిగి ఏడ్చింది.

బయట హాల్లో సంస్కరణ జోరుగా సాగుతోంది. ఒత్తిడికి మూలం శబ్దమని వరప్రసాద్ గారు కనిపెట్టారు. ఆయన చిన్నప్పటి అనుభవం అదే మరి. గోడకు నల్లబల్ల బిగించి, పైన "మాట్లాడినవారి పేర్లు" అని స్వయంగా రాశారు. వరసలో నిలబడి మాట్లాడిన పౌరుడి పేరు బోర్డెక్కుతుంది, మనిషి వరస చివరికి వెళతాడు. లీడర్లు ఎక్కువమంది కావడంతో ఒకరి పేరు ఒకరు కూడా రాసుకోసాగారు. బోర్డు చాలక పక్కనే ఇంకో బోర్డు పెట్టారు. అందరి చేతుల్లోనూ సుద్దముక్కలే, కలం పట్టే చెయ్యి కరువైంది.

మూడో నంబరు కౌంటరులోకి పదకొండుమంది లీడర్లలో ఒకడైన భాస్కరం వచ్చాడు. అతను ఎవరినీ ఏమీ అడగడు. కాగితం తీసుకుంటాడు, ముద్ర వేస్తాడు, ఇచ్చేస్తాడు.

కొబ్బరికాయల వ్యాపారి ఆకుల సూర్రావు తండ్రి మరణం కాగితం కోసం వచ్చాడు. తండ్రి పేరు ఆకుల వీర్రాజు. దరఖాస్తులో రెండు పేర్లున్నాయి, పోయినవారిది ఒకటి, అడిగినవారిది ఒకటి. భాస్కరం చేతికి ముందు దొరికిన పేరు రాసి ముద్ర కొట్టాడు. సూర్రావు కాగితం చూసుకుని తిరిగి కౌంటరు మీద పెట్టాడు.

"ఏవండీ, పోయింది మా నాన్నగారండి. ఇందులో నేను పోయినట్టు..."

భాస్కరం పెదవి మీద వేలు పెట్టాడు.

"అది కాదండి బాబూ, నేను బతికే ఉన్నానండి!"

రెండో లీడరు లేచి బోర్డు మీద "ఆకుల సూర్రావు" అని రాశాడు. సూర్రావు వరస చివరికి వెళ్ళాడు. మర్నాడు వచ్చి మళ్ళీ చెప్పాడు, ఇంటూ పడింది. ఆ మర్నాడు గట్టిగా చెప్పాడు, ఒకేసారి రెండు పడ్డాయి. మూడు ఇంటూలైతే సార్‌కి చెప్పాలి కాబట్టి అతన్ని వరప్రసాద్ గారి ముందు నిలబెట్టారు.

"రికార్డు ప్రకారం మీరు మరణించారండి" అన్నారు వరప్రసాద్ గారు నెమ్మదిగా, కణత నొక్కుకుంటూ. "కాదనుకుంటే రికార్డు గదికి వెళ్ళి అసలు రిజిస్టరు తెచ్చుకోండి. వెళ్ళేటప్పుడు మాట్లాడకండి."

తొమ్మిది రోజుల తర్వాత మనిషి అడుగుల చప్పుడు విని మంగతాయారు గబుక్కున లేచింది.

"రండి బాబూ, కూర్చోండి. ఎవరు పోయేరు?"

"నేనేనండి" అన్నాడు సూర్రావు, కాగితం చేతికిస్తూ.

ఆవిడ కాగితం చూసింది, మనిషిని చూసింది. నవ్వు ఆపుకుందామనుకుంది గాని ఆగలేదు. ఆవిడ నవ్వు చూసి సూర్రావుకూ నవ్వొచ్చింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే సూర్రావు మొహం మారిపోయింది.

"మా నాన్న పోయి పన్నెండు రోజులండి. మూడ్రోజుల్నించీ ఈ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. ఎలా పోయేడు అని ఒక్కళ్ళడగలేదండి."

మంగతాయారు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎలా పోయేరండీ పాపం?"

"ఎనభై ఒకటండి ఆయనకి. కొట్లో కూచుని కాయలు లెక్కపెడుతున్నాడండి. నూట పన్నెండు అన్నాడు. పదమూడు అనలేదండి. కాయ చేతిలోనే ఉంది."

వాళ్ళు రెండు గంటలు మాట్లాడుకున్నారు. వీర్రాజు గారికి తాటి ముంజలంటే ఎంత ఇష్టమో, కోడలి మీద అలిగి పడవెక్కి ఎక్కడికి వెళ్ళిపోయాడో, అన్నీ తెలిశాయి. రిజిస్టరులో అసలు పేరు దొరికింది. సూర్రావు కళ్ళు తుడుచుకున్నాడు, మంగతాయారూ తుడుచుకుంది. ఆవిడకు తొమ్మిది రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే కమిషనర్ గారు ప్రగతి నివేదిక కోసం సిబ్బందికందరికీ బీపీ పరీక్ష పెట్టించారు. ఆరోగ్య కేంద్రం నర్సు హాల్లో బల్ల వేసుకుని కూర్చుంది. హాలు నిశ్శబ్దంగా ఉందని కమిషనర్ గారు ఎంతో మురిసిపోయారు. భాస్కరానికి నూట అరవై ఎనిమిది వచ్చింది. వరప్రసాద్ గారి దగ్గర నర్సు యంత్రం పాడైందేమోనని రెండుసార్లు చూసి, ఆయన్ని అక్కడే కాసేపు పడుకోమంది. నాయకత్వం ధ్రువీకరించబడిన వాళ్ళలో నూట యాభైకి తగ్గినవాడు ఒక్కడూ లేడు. చివరికి రికార్డు గదిలోంచి మంగతాయారును పిలిచారు.

"నూట ఇరవై, ఎనభై" అంది నర్సు. "పెళ్ళికాని పిల్లకి ఉన్నట్టుందండి."

కమిషనర్ గారు ఆవిడ ఫైలు తెప్పించి చూశారు. "తెలివైనది. మాట్లాడును" దగ్గర కొంచెం ఆగారు. "ముప్పైనాలుగు పర్యాయములు" దగ్గర ఇంకా కాసేపు ఆగారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"కొలీగ్స్! మనం డేటాని ఫాలో అవ్వాలి. విద్యార్థి దశలో ఎవరి పేర్లు బోర్డెక్కాయో వాళ్ళే ఒత్తిడిని తట్టుకుంటున్నారు!"

"అయ్యా, అది తర్వాత చూద్దురుగాని, ముందు ఈ సూర్రావు గారిని బతికించండి" అంది మంగతాయారు.

"దట్ ఈజ్ ది స్పిరిట్" అన్నారు కమిషనర్ గారు.

మర్నాడు పదిన్నరకల్లా కొత్త ఉత్తర్వు వచ్చింది. "విద్యార్థి దశలో మాట్లాడినవారి జాబితాయందు నమోదైనట్లు ధ్రువీకరించబడిన సిబ్బందికి మాత్రమే కౌంటర్లు కేటాయించబడును. ప్రతి ఉద్యోగి దినమునకు నలభై నిమిషములకు తగ్గకుండా మాట్లాడవలెను. మాట్లాడని వారి పేర్లు సాయంత్రము బోర్డుపై వ్రాసి, అట్టివారిని రికార్డు గదికి పంపవలెను. ఇందు నిమిత్తము కార్యాలయ లీడరుగా శ్రీమతి మంగతాయారును నియమించడమైనది."

ఊళ్ళో బళ్ళ మీద మళ్ళీ దాడి జరిగింది. పదో తరగతి ఎ సెక్షన్‌లో లీడర్లుగా పనిచేసిన పదకొండుమందీ అదే సంవత్సరం విపరీతంగా మాట్లాడేవాళ్ళని తేలింది. వాళ్ళ పేర్లు ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. మంగతాయారు మూడో నంబరు కౌంటరుకు తిరిగొచ్చి, కుర్చీ తడిమి చూసుకుని, అన్నిటికంటే ముందు సూర్రావుకు తండ్రి కాగితం సరిచేసి ఇచ్చింది. అతను పోతూ పోతూ రెండు కొబ్బరికాయలు పెట్టి వెళ్ళాడు.

హాలంతా ఒకటే గోల. నలభై నిమిషాలు పూర్తిచెయ్యాలని ఒకళ్ళ మాట ఒకళ్ళు వినకుండా మాట్లాడుతున్నారు. సాయంత్రం నాలుగున్నరకు జనం వెళ్ళిపోయారు, నలభై నిమిషాలు అయినవాళ్ళు అయినట్టు వెళ్ళిపోయారు. మిగిలింది ఒక్క వరప్రసాద్ గారు. పొద్దుటినుంచీ ఆయన పెదవి కదపలేదు. ఎనిమిది బి మొత్తంలో ఒక్కసారి కూడా మాట్లాడలేదని నిజమైన రికార్డు ఉన్న మనిషి ఆయనొక్కడే.

"మేనేజరు గారూ, అయిదింటికి బోర్డు ఫొటో తీసి పంపాలటండి కమిషనర్ గారికి. ఏదో ఒకటి మాట్లాడండి."

"దేని గురించండి? ఉత్తర్వులో విషయం చెప్పలేదు కదండి."

నిజం చెప్పాలంటే మంగతాయారుకు లోలోపల కొంచెం సంతోషంగానే ఉంది. నలభై ఏళ్ళ తర్వాత సుద్దముక్క తన చేతికి వచ్చింది. బోర్డు దగ్గరికి వెళ్ళి "వ" అని రాసింది. రికార్డు గదిలో ఆ తొమ్మిది రోజులు గుర్తొచ్చి, అక్కడ ఈయన ఒక్కడూ కూర్చోవడం కళ్ళకు కట్టి, చెయ్యి ఆగింది.

"రాయకు మంగా" అన్నారు వరప్రసాద్ గారు. అది మేనేజరు గొంతు కాదు, ఎనిమిది బి గొంతు.

ఆవిడ వెనక్కి తిరిగింది. "అయితే చెప్పు వరప్రసాదూ. రోజూ నా పేరే ఎందుకు రాసేవాడివి?"

"ఎవరి పేరూ లేకపోతే సార్ నన్ను కొట్టేవారు. నీ పేరు రాస్తే అబద్ధం ఆడినట్టు ఉండదని రాసేవాణ్ణి" అన్నారాయన. "నువ్వు చెప్పేవన్నీ బోర్డు దగ్గర నిలబడి వినేవాణ్ణి. మీ మేనత్త మేకని పడవెక్కించిన కథ ఉంది చూడు, సగంలో ఉండగా గంట కొట్టేసేరు. ఆ మేక ఏమైందో నలభై ఏళ్ళనించీ అడుగుదామని ఉంది. లీడరు అడగకూడదు కదా."

మంగతాయారు సుద్దముక్క పట్టుకునే కుర్చీలో కూలబడింది. "గోదాట్లోకి దూకేసింది. దాని వెనకాలే మా మేనత్త దూకేసింది."

వరప్రసాద్ గారు నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. నవ్వి, తన సంగతి ఎత్తుకున్నారు. బోర్డు పక్కన నిలబడి కాళ్ళు లాగడం, స్నేహితుడంటూ ఒక్కడు లేకపోవడం, మేనేజరైన రోజు మిఠాయి పంచితే అందరూ నిలబడి తిని వెళ్ళిపోవడం, ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. అయిదయింది. అయిదున్నర అయింది. నూకరత్నం తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మగారూ, బస్సెల్లిపోద్దండి. ఆయనగారికి మీరైనా చెప్పండి."

మంగతాయారు లేచి, "వ" పక్కన తక్కిన అక్షరాలు పూర్తిచేసి, వరసగా మూడు ఇంటూలు కొట్టింది. పైన వరప్రసాద్ గారి దస్తూరీలో "మాట్లాడినవారి పేర్లు" అని అలాగే ఉంది.

"రాయాల్సింది మాటాడనోళ్ళ పేర్లు కదమ్మా?" అంది నూకరత్నం కంగారుగా. "ఇలా ఫొటో తీస్తే పెద్దయ్యగారు ఏవంటారో!"

వరప్రసాద్ గారు కుర్చీలోంచి ముందుకు వంగి, బోర్డు మీద తన పేరును మొదటిసారి చూసుకున్నారు.

"తియ్యి నూకరత్నం. ఒకటి నాక్కూడా పంపు" అని, మళ్ళీ మేక దగ్గరికి వచ్చారు. "అయితే మంగా, మేకకి ఈత వచ్చా?"